దమ్ము (ఆయాసం) కేసుల్లో ఎండీక్యాల్క్ యాప్: రెండేళ్లు వాడాక నా మాట

హన్మకొండలో ఒక ప్రైవేట్ ఆసుపత్రి క్యాజువాలిటీలో నైట్ డ్యూటీలు చేస్తాను. డాక్టర్లు స్కోర్లు లెక్కేసుకునే ఎండీక్యాల్క్ యాప్ ఉచితమే, రెండేళ్లుగా ఫోన్‌లో ఉంది. అందులో లెక్కలు చాలానే ఉన్నాయి, నేను చెప్పేది మాత్రం ఒక్క పని గురించి: ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందేమో, అంటే పల్మనరీ ఎంబాలిజమేమో అని అనుమానం వచ్చిన రాత్రి ఇది ఎంత సాయపడుతుందని. 5కి 4 ఇస్తాను.

"దమ్మొస్తుంది సారూ" అంటూ వచ్చేవాళ్లలో ఆస్తమా ఉంటుంది, న్యుమోనియా ఉంటుంది, గుండె జబ్బు ఉంటుంది, అప్పుడప్పుడు ఇదీ ఉంటుంది. అందరికీ కాంట్రాస్ట్ ఎక్కించి సీటీ తీయలేం కదా. మొన్న పరకాల వైపు నుంచి ఒక పెద్దమ్మను తెచ్చారు, కాలు విరిగి మూడు వారాలుగా మంచంలోనే ఉందట, ఎక్కడో రెండు రోజులు నెబులైజేషన్ పెట్టి ఇంటికి పంపారట. ఈ గడ్డ ఉండే అవకాశం ఎంతో ఏడు ప్రశ్నలతో అంచనా వేసే వెల్స్ స్కోరు వేశాను. పిక్క వాచింది, నొక్కితే నొప్పి, దానికి 3. పల్స్ 118, దానికి 1.5. మంచంలో ఉన్నందుకు ఇంకో 1.5. అక్కడికే 6. ఈ స్కోరు 4 దాటితే డీ-డైమర్ (గడ్డ ఆనవాళ్లు చూసే రక్తపరీక్ష) కోసం ఆగే పనిలేదు, నేరుగా సీటీకే పంపాను. ఈ లెక్క నాకు నోటికి వచ్చు, కానీ తెల్లవారుజామున మూడింటికి ఏడు ప్రశ్నల్లో ఒక్కటీ జారిపోకుండా అడిగించేది మాత్రం యాప్.

ఆ ఏడింటిలో ఒకదాన్ని యాప్ తేల్చలేదు. మిగతా జబ్బుల కన్నా ఇదే ఎక్కువ అనిపిస్తుందా అని అడిగి, అవునంటే ఏకంగా 3 వేస్తుంది. నేను ఈసీజీ, ఎక్స్‌రే చూశాకే దాన్ని నొక్కుతాను. బీపీ పడిపోయిన పేషెంట్ దగ్గరైతే ఫోనే తీయను.

వెల్స్ అని వెతికితే కాలి గడ్డకు ఒకటి, ఊపిరితిత్తుల గడ్డకు ఒకటి వస్తాయి, కొత్తగా చేరినవాళ్లు తొందరలో మొదటిది తెరిచేస్తారు. పెర్క్ అనే ఇంకో ప్రశ్నల జాబితా సంగతి కూడా అంతే. మన అంచనాలో రిస్క్ బాగా తక్కువ అనుకున్నవాళ్లకే అది వాడాలి. అలాంటి మనిషిలో ఎనిమిది ప్రశ్నలకూ లేదు అని వస్తే డీ-డైమర్ కూడా అక్కర్లేదు. ఆ పెద్దమ్మ లాంటి కేసులో దాన్ని తెరవడమే తప్పు.

నన్ను బాగా టెన్షన్ పెట్టింది డీ-డైమర్ యూనిట్లు. 68 ఏళ్ల పెద్దాయన, వెల్స్ 1.5 మాత్రమే, బయట ల్యాబ్ రిపోర్టులో 610 నానోగ్రాములు అని ఉంది. 50 దాటినవాళ్లకు వయసును 10తో గుణిస్తే వచ్చేదే హద్దు, అంటే 680, ఆ లెక్కన ఇంటికి పంపేయొచ్చు. కానీ డీ-డైమర్‌ను ఎఫ్ఈయూ, డీడీయూ అని రెండు రకాల యూనిట్లలో చెప్తారు, ఆ 680 ఎఫ్ఈయూలో. యాప్ ఎఫ్ఈయూనా, డీడీయూనా అని అడిగింది, రిపోర్టులో ఆ ముక్కే లేదు. ఆ రాత్రే ల్యాబ్‌కు ఫోన్ చేసి కిట్ పెట్టె మీద చూడమంటే డీడీయూ అన్నారు. డీడీయూలో హద్దు సగమే, 340. సీటీలో కుడివైపు కింది కొమ్మలో గడ్డ కనిపించింది. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకే ఈ యాప్‌ను ఫోన్‌లోంచి తీయను.

ఒక స్టార్ తగ్గించింది ప్రశ్నలు మన మనుషులకు సరిపడేలా లేనందుకు. పెర్క్‌లో ఈస్ట్రోజెన్ (ఆడవాళ్ల హార్మోన్) వాడుతున్నారా అని ఉంటుంది. మనం "పిల్లలు కాకుండా గోలీలు వేసుకుంటున్నావా అమ్మా" అని అడిగితే లేదంటారు. మేడారం జాతర ముందు, పెళ్లిళ్ల సీజన్‌లో నెలసరి వాయిదా పడటానికి వేసుకున్న గోలీలు అందులోకి వస్తాయని వాళ్లకు తట్టదు. వాటిలో ఎక్కువగా ఉండేది నోరెథిస్టిరోన్, అది ఈస్ట్రోజెన్ కాదు, కానీ పెద్ద డోసులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. అందుకే అలాంటి అమ్మాయికి దమ్మొస్తే పెర్క్ సున్నా వచ్చినా వదిలేయను, డీ-డైమర్ పంపుతాను. యాప్‌లో ఆ గడి దగ్గరికి రాగానే "ఈ నెల ఏ గోలీ వేసుకున్నా ఆ పట్టీ తెచ్చి చూపించండి" అని ఇంటివాళ్లకు చెప్తున్నాను.