రేసింగ్ వీల్‌చైర్ గట్టి గ్లవ్స్: ఆరు నెలల వాడకం తర్వాత

వీల్‌చైర్ పరుగు పందేలను చూసేవారి చూపు సహజంగానే ఆ పొడవాటి మూడు చక్రాల బండి మీద నిలుస్తుంది. టోక్యో పారాలింపిక్స్‌లో స్విట్జర్లాండ్ క్రీడాకారుడు మార్సెల్ హగ్ 800, 1500, 5000 మీటర్ల పరుగులతో పాటు మారథాన్‌లోనూ స్వర్ణాలు గెలిచినప్పుడు ఆయన కొత్త కార్బన్ బండి గురించే ఎక్కువ చర్చ జరిగింది. అయితే నిబంధనలు గేర్లనూ మీటలనూ అనుమతించవు. ఒక్కో పెద్ద చక్రానికి ఒక్క పుష్ రిమ్ (చేత్తో తోసే వలయం) మాత్రమే ఉండాలి. భుజాల్లోని బలమంతా చక్రానికి చేరే దారి గ్లవ్ ఒక్కటే కనుక, నా దృష్టిలో బండి తర్వాత అత్యంత జాగ్రత్తగా ఎంచుకోవలసిన వస్తువు ఇదే.

నేను క్లబ్ స్థాయిలో పోటీపడేవాడిని. అయిదేళ్లపాటు మెత్తని తోలు గ్లవ్స్‌కు టేపు చుట్టుకుని నెట్టుకొచ్చాక, పిడికిలి అచ్చును బట్టి త్రీడీ ప్రింటింగ్‌తో తయారుచేసే గట్టి ప్లాస్టిక్ జతను తెప్పించుకున్నాను. రేసర్ రిమ్మును పట్టుకుని తిప్పడు. పైనుంచి పిడికిలితో కొట్టి, కిందిదాకా నొక్కుతూ తోసి వదిలేస్తాడు. తోలు గ్లవ్ ఆ దెబ్బలో కొంత తానే మింగేస్తుంది, గట్టి గ్లవ్ మింగదు. మొదటి వారంలోనే ఈ తేడా చెవికి కూడా తెలిసింది: దెబ్బ సరిగా పడితే పొడిగా ‘టక్’మంటుంది, తప్పితే గీసుకున్న చప్పుడు వస్తుంది. మణికట్టు నొప్పి తగ్గింది, వేళ్లు బిగించి ఉంచే శ్రమ తప్పింది.

పందెం ఆరంభంలో మాత్రం ఈ గ్లవ్స్ నన్ను నిరాశపరిచాయి. నిలిచి ఉన్న బండిని కదిలించేటప్పుడు రిమ్మును కాస్త అదిమి పట్టవలసి వస్తుంది, అక్కడ మెత్తని తోలే మేలు. ఒకే చేతితో ఈ రెండు విద్యలనూ సాధించడం ఎంత కష్టమో అర్థమయ్యాక అమెరికా రేసర్ తత్యానా మెక్‌ఫాడెన్ ప్రస్థానం నాకు కొత్తగా కనిపించింది. 2004లో ఏథెన్స్‌లో, పదిహేనేళ్ల వయసులో, 100 మీటర్లలో రజతం, 200 మీటర్లలో కాంస్యం గెలిచిన ఆమె, 2013లో బోస్టన్, లండన్, షికాగో, న్యూయార్క్ మారథాన్‌లు నాలుగింటినీ ఒకే ఏడాదిలో గెలుచుకున్నారు. 2016లో రియోలో 400 నుంచి 5000 మీటర్ల వరకు నాలుగు స్వర్ణాలు, వాటితో పాటు 100 మీటర్లలోనూ మారథాన్‌లోనూ రజతాలు సాధించారు. ఆరంభపు తోపే సగం పందెమైన దూరమూ, వేల తోపులు ఒకే లయలో సాగవలసిన దూరమూ ఆ చేతులకు ఒకే పారాలింపిక్స్‌లో లొంగాయి.

అసలు లోపం రబ్బరు పట్టీది. రిమ్మును తాకే చోట అతికించిన ఆ పట్టీ మూడో నెలలో, వానలో సాధన చేస్తుండగా, కుడి గ్లవ్ నుంచి ఊడిపోయింది. తయారీదారుకు రాస్తే మూడు వారాలకు కొత్త పట్టీ వచ్చింది కానీ జిగురు రాలేదు. తడిలో పట్టు తగ్గడం ఏ గ్లవ్‌కైనా ఉన్నదే, ఊడిపోవడం మాత్రం సరికాదు.

బ్రేకును పిడికిలితోనే నొక్కడం సాధన చేసేదాకా రద్దీగా ఉన్న గుంపులో దిగకూడదు. నీళ్ల సీసా కూడా పట్టుకోలేం. బండికి గొట్టం అమర్చుకుని నోటితో పీల్చుకోవాలి. చేతుల్లో కూడా బలం తక్కువగా ఉండే టీ51, టీ52 విభాగాల వారికి ఈ నమూనా పనికిరాదు. వారు తోసే పద్ధతే వేరు. చేతుల్లో పూర్తి బలం ఉండే టీ53, టీ54 విభాగాల్లో 800 మీటర్లు, అంతకు మించిన దూరాలకు సాధన చేసేవారు నిశ్చింతగా కొనవచ్చు, పట్టీనీ జిగురునూ ముందుగానే అదనంగా అడిగి పెట్టుకోవాలి. నేను 100 మీటర్ల పందేలకు ఇప్పటికీ పాత తోలు జతనే సంచిలో వేసుకుని వెళుతున్నాను.