పీఎం కిసాన్ లబ్ధిదారుల జాబితా: పేర్ల పక్కన ఇంకేమి ఉండాలి?

ఎల్బీనగర్‌లో నివాసం ఉంటూ, నల్లగొండ జిల్లాలోని సొంతూరిలో అమ్మ పేరున ఉన్న రెండున్నర ఎకరాల పట్టా వ్యవహారాలు చూసుకునే నాకు, రైతులకు కేంద్రం నగదు సాయం ఇచ్చే పీఎం కిసాన్ పథకం వెబ్‌సైట్‌లోని లబ్ధిదారుల జాబితాతో కొన్నేళ్లుగా పని పడుతూనే ఉంది. ప్రభుత్వ సొమ్ము ఎవరికి చేరుతోందో ఊరివాళ్లే చూసుకునే వీలు కల్పించిన సేవ కాబట్టి, దాని మంచిచెడ్డలు వివరంగా రాయాలనిపించింది.

ముందుగా మెచ్చుకోవలసినది, జాబితా చూడటానికి ఆధార్ గానీ ఓటీపీ గానీ అడగకపోవడం. రాష్ట్రం, జిల్లా, మండలం మొదలైనవి ఎంచుకుంటూ గ్రామం దాకా వెళితే పేర్లన్నీ వరుసగా కనిపిస్తాయి. మా కాలనీ దగ్గరి ఒక సేవా కేంద్రంలో ఇదే జాబితాను ముద్రించి ఇచ్చి నా దగ్గర వంద రూపాయలు తీసుకున్నారు. ఫోన్‌లోనే ఉచితంగా చూసుకోవచ్చని తెలియనివారు ఇంకా ఉంటారు గనుక ఈ మాట చెబుతున్నాను.

అసలు లోటు ఆ పేర్ల పక్కన ఉంది. వరుస సంఖ్య, రైతు పేరు, ఆడా మగా అన్న వివరం తప్ప తండ్రి పేరో భర్త పేరో కనిపించదు. ఒకే ఇంటిపేరుతో ముగ్గురు యాదయ్యలు, నలుగురు లక్ష్మమ్మలు ఉండటం మన పల్లెల్లో మామూలే; పైగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేర్లను చూసి ఎవరు ఎవరో తేల్చుకోవడం కష్టం. ఇది చిన్న విషయం కాదు. ఆదాయపు పన్ను కట్టేవారు, నెలకు 10,000 రూపాయలు, అంతకు మించి పింఛను పొందేవారు ఈ పథకానికి అనర్హులు, అయినా 2020 జులై నాటికి 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్ల రూపాయలు వెళ్లాయని కేంద్ర వ్యవసాయ శాఖే సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చింది. వారిలో సగానికి పైగా పన్ను చెల్లించేవారే. ఎవరికి పింఛను వస్తుందో, ఎవరిది ఉద్యోగమో పక్కింటివాళ్లకు తెలుసు. జాబితాలోని మనిషిని గుర్తుపట్టగలిగితేనే వాళ్లు ప్రశ్నించగలరు.

ఏటా 6,000 రూపాయలు, మూడు విడతల్లో, అందరికీ ఒకే మొత్తం కాబట్టి ఇక్కడ పేరు తెలిస్తే సొమ్ము ఎంతో తెలిసినట్టే. ఎకరాల లెక్కన ఇచ్చే పథకానికి అది సరిపోదు. తెలంగాణ ప్రభుత్వ పథకంగా 2018 మే 10న మొదలైన రైతుబంధులో భూమికి పరిమితి లేదు, ఎకరానికి పంటకు 4,000 రూపాయలు ఇచ్చారు, తరువాత 5,000 చేశారు. 2025 నుంచి రైతు భరోసాగా ఏటా ఎకరానికి 12,000 అన్నారు. అలాంటి చోట విస్తీర్ణం, సర్వే నంబరు, చేరిన మొత్తం కూడా కనిపించాలి. సబ్సిడీ పథకాలకు కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రకటించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతూనే ఉంది.

బ్యాంకు ఖాతా, ఆధార్, ఫోన్ నంబర్లు మాత్రం ఎప్పటికీ బయటపెట్టకూడదు; ఈ జాబితా ఆ జాగ్రత్త పాటించింది. యూరోపియన్ యూనియన్‌లో వ్యవసాయ సాయం పొందిన వ్యక్తులందరి పేర్లనూ ప్రకటించే నిబంధన చెల్లదని 2010లో అక్కడి న్యాయస్థానం తీర్పు ఇచ్చాక, చిన్న మొత్తాలు తీసుకునేవారి పేర్లు దాచి, మిగిలినవారి పేర్లూ మొత్తాలూ ప్రకటించే పద్ధతికి వచ్చారు. మనమూ ఆ దారిని పరిశీలించవచ్చు. ప్రస్తుతానికి ఈ సేవకు ఐదుకు మూడు మార్కులు వేస్తాను.

నేను ముద్రించుకున్న ఆ కాగితాలు ఊరికి తీసుకెళ్లినప్పుడు మా పొలం కౌలుకు చేసే పెద్దాయన తన పేరూ వెతికిపెట్టమన్నారు. భూమి రికార్డులను బట్టి ఇచ్చే సాయంలో ఆయన పేరు ఉండదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. దుక్కి, విత్తనం, ఎరువుల ఖర్చు ఆయనది, విడతకు రెండు వేలు మా అమ్మ ఖాతాలోకి. ఆ ఏడాది నుంచి కౌలులో ఆరు వేలు తగ్గించి తీసుకుంటున్నాం.