శ్రీకాకుళంలో ఫీజు తీసుకోని ప్లీడర్ల ఆఫీసు: మా అక్క కేసు ఎలా నడిచిందంటే

ఆఫీసు పేరు రాయడం లేదు. ప్లీడర్లు తమ గురించి ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది, అందుకని పేరు వద్దని వాళ్లే అన్నారు. శ్రీకాకుళంలో కోర్టుకి దగ్గర్లోనే, మేడ మీద రెండు గదులు, నలుగురు ప్లీడర్లు, ఒక గుమాస్తా. మామూలు రోజుల్లో ఫీజు ఇచ్చేవాళ్ల భూమి తగాదాలు, బ్యాంకు కేసులు చూసుకుంటారు, శనివారం మధ్యాహ్నం మూడు దాటాక ఇచ్చుకోలేనివాళ్ల కేసులు తీసుకుంటారు.

మాది సంతబొమ్మాళి వైపు. మా పెద్దనాన్న కూతురి భర్త చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తూ మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. బావకి అప్పటికి 40 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మేస్త్రీ శవాన్ని అంబులెన్సులో ఊరికి పంపించి, దినం రోజు వచ్చి 50,000 అక్క చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని వెళ్లిపోయాడు. వేలిముద్ర పడింది కాబట్టి ఇంక పైసా రాదని ఊళ్లో అందరం అనుకున్నాం, డిగ్రీ చదివిన నేను కూడా. తర్వాత ఒకాయన వచ్చి కేసు వేయిస్తా, వచ్చినదాంట్లో మూడో వంతు నాది అన్నాడు. అక్క దాదాపు ఒప్పుకుంది.

నాకు తెలిసిన ఒక టీచరు గారు ఈ ఆఫీసు సంగతి చెబితే తీసుకెళ్లాను. కూర్చోగానే అక్క "బాబూ, నా కాడ డబ్బుల్లేవు" అంది. పెద్ద ప్లీడరు గారు అన్న మాట నాకు బాగా గుర్తుంది. "అమ్మా, మీరు ఆడవాళ్లు కాబట్టి ఆదాయం ఎంతున్నా సరే న్యాయ సేవాధికార సంస్థ మీకు ఊరికే ప్లీడర్ని పెట్టాలి, 1987 నాటి చట్టంలోనే ఉంది. అక్కడికి వెళ్తారా, మమ్మల్ని చూడమంటారా, మీ ఇష్టం." ముందు ఆమె హక్కు ఏమిటో చెప్పి తర్వాత తమ గురించి చెప్పారు. ఆయన మీద నమ్మకం నాకు అక్కడే కుదిరింది.

తెల్లకాగితం సంగతి విని ఆయన కంగారు పడలేదు. పనిలో చనిపోయినవాళ్ల నష్టపరిహారాన్ని యజమాని ఈ కేసులు చూసే కమిషనర్ దగ్గర జమ చేయాలట, ఇంటికొచ్చి చేతిలో పెడితే చట్టం దాన్ని పరిహారంగా లెక్కపెట్టదట, హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం కూడా చెల్లదట. అప్పుడు నడిచింది 1923 నాటి చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది), ఇన్నేళ్లుగా మా ఊళ్ల నుంచి వలస పోతున్నాం, మాలో ఒక్కరికీ తెలియదు. కేసు కోసం చెన్నై వెళ్లనక్కర్లేదని, కుటుంబం ఉన్నచోటే వేసుకోవచ్చని కూడా అప్పుడే తెలిసింది. లెక్క కాగితం మీద వేసి చూపించారు. అప్పటి లెక్కలో నెల జీతం ఎక్కువున్నా 15,000 వరకే తీసుకుని, అందులో సగాన్ని వయసుకి తగ్గ అంకెతో హెచ్చవేసేవారు. 40 ఏళ్లకి ఆ అంకె 184.17. మొత్తం 13,81,275 రూపాయలు. అక్క ఆ అంకెని రెండుసార్లు చదివించుకుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. ఒకసారి తెల్లకాగితం మీద మోసపోయిన మనిషని, అక్కడి జూనియర్ అమ్మాయి వకాలత్ (ప్లీడర్ని పెట్టుకున్నట్టు ఇచ్చే కాగితం) దగ్గర్నుంచి ప్రతి కాగితాన్నీ తెలుగులో చదివి వినిపించి, అక్క మళ్లీ తన మాటల్లో చెప్పాకే వేలిముద్ర వేయించేది. వాయిదా తేదీ పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసిచ్చేది, అక్క వాటిని రేషన్ కార్డు కవర్లో దాచుకునేది. తమిళంలో ఉన్న ఎఫ్‌ఐఆర్‌నీ పోస్ట్‌మార్టం రిపోర్టునీ వాళ్ల ఖర్చుతోనే అనువాదం చేయించారు. ఫీజు ఇచ్చే పార్టీలు కూర్చునే కుర్చీల్లోనే మేమూ కూర్చున్నాం.

లోపాలూ చెప్పాలి. శనివారం ఒక్క రోజే కావడంతో జనం ఎక్కువ, రెండు గంటలకి పైగా ఆగాల్సి వచ్చేది, చీకటి పడితే మా ఊరికి బస్సు దొరకదని టెన్షన్. మధ్యలో ఒకసారి నాలుగు నెలలు ఏ కబురూ లేదు, ఫోన్ చేస్తే గుమాస్తా గారు "చెబుతాం" అనడమే. బావ పని చేసిన కంపెనీ వాయిదాలకి రాకపోవడం వల్లేనని తర్వాత తెలిసింది, ఆ ముక్క ముందే చెప్పి ఉంటే అక్క అన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపేది కాదు.

ఏడాదిన్నర దాటాక ఆర్డర్ వచ్చింది, డబ్బు జమైంది. పిల్లల వాటా వాళ్ల పేరున బ్యాంకులో డిపాజిట్ చేయించారు. ప్లీడర్లు ఒక్క రూపాయి తీసుకోలేదు. గెలిచిన డబ్బులో వాటా అడగడం ఏ ప్లీడరుకైనా తప్పేనట, ఆ మూడో వంతు మనిషి గురించి చెప్పినప్పుడు పెద్ద ప్లీడరు గారికి కోపం రావడం ఆ ఒక్కసారే చూశాను.

వెళ్లేవాళ్లు ఆధార్, మరణ ధృవీకరణ పత్రం, ఎఫ్‌ఐఆర్ కాపీ, పని చేసినచోటి ఫొటోలు, మేస్త్రీతో మాట్లాడిన ఫోన్ నంబర్లు, ఏది ఉంటే అది పట్టుకెళ్లండి. ఈ ఆఫీసు దొరక్కపోతే కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపే కేసు వేయాలి, దినాలు అయ్యాక చూద్దాంలే అని ఏళ్లు గడపకండి.