రాయగడ నుంచి జయపురం దాకా కామెట్ ఎలక్ట్రిక్ కారులో: ఐదు యూనిట్ల కరెంటుకి 600 రూపాయలు

యూనిట్ 120 రూపాయలు పడింది. ఒడిశా కోరాపుట్‌లో ఒక లాడ్జివాళ్లు ఫోన్‌లో "చార్జింగ్ ఉందండి, వచ్చేయండి" అన్నారు. ఆ మాట మీదే గది 1,800కి తీసుకున్నాం. రాత్రంతా పెడితే నిండాల్సిన బ్యాటరీ పొద్దున చూస్తే 46 శాతం దగ్గర ఆగి ఉంది. బిల్లులో మాత్రం "కార్ చార్జింగ్ 600". ఎలక్ట్రిక్ కారు కొని ఈ కొండల్లో తిరుగుదామనుకునేవాళ్లు కారు సంగతి కంటే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

కారు ఎంజీ కామెట్. రెండే తలుపులు, నాలుగు సీట్లు. పొడవు 2,974 మి.మీ., అంటే మూడు మీటర్లు కూడా లేదు. వెడల్పు 1,505. బ్యాటరీ 17.3 యూనిట్లు, కంపెనీ చెప్పే రేంజి 230 కి.మీ. ఏసీ వేసుకుని నలుగురు కూర్చుంటే ఆ అంకె మర్చిపోండి. మైదానంలో 160 వస్తే సంతోషించాలి.

రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని 100 శాతంతో బయల్దేరాం. కోరాపుట్ 326 నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 110 కి.మీ. రాయగడ సముద్రమట్టానికి రెండొందల మీటర్ల చిల్లర ఎత్తున ఉంటే కోరాపుట్ 870 దగ్గర ఉంది. మనుషులు, సంచులతో కలిపి బండి 1,050 కిలోలు అనుకుంటే, ఆ 660 మీటర్లు పైకి లేపడానికే 1.9 యూనిట్లు కావాలి. మోటారులో, గేర్లలో పోయేది కలిపితే రెండు దాటుతుంది. దారి ఖర్చుకి అది అదనం. లక్ష్మీపూర్ దాటి ఎక్కుడు గట్టిగా మొదలయ్యాక శాతాలు మన కళ్ల ముందే దిగిపోతుంటే గుండె జారుతుంది. కంగారు అక్కర్లేదు, లెక్క ప్రకారమే దిగుతాయి. కోరాపుట్ చేరేసరికి 20 శాతం మిగిలింది. ఇంకో 20 కి.మీ. ఉండి ఉంటే మాత్రం ఈ కారుతో ఆ దారి ఎక్కమని ఎవరికీ చెప్పను.

ఎక్కుడులో మోటారు ఎక్కడా ఆయాసపడలేదు. 42 హార్స్‌పవర్ అంటే చిన్నదే, కానీ కొండ మీద 40 వేగంతో పోవడానికి అందులో మూడో వంతు చాలు. వెనక చక్రాలకే బలం వెళుతుంది కాబట్టి బరువు వెనక్కి వాలినప్పుడు పట్టు ఇంకా బాగుంటుంది. ఇబ్బందల్లా 60 దాటాక లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడే. ముందు రోడ్డు చాలా దూరం ఖాళీగా కనిపిస్తే తప్ప పోవద్దు.

ఇక లాడ్జి. పార్కింగ్‌లో చూపించిన ప్లగ్‌కి మూడు కన్నాలున్నాయి గానీ, పైనున్న పెద్ద కన్నం వెనక ఎర్త్ తీగ లేదు. కారుతో ఇచ్చే చార్జర్ డబ్బా ఎర్త్ దొరక్కపోతే ఎర్ర లైటు వేసి ఊరుకుంటుంది. అది చెడిపోవడం కాదు, మన ప్రాణం కాపాడటం. మేనేజరు మాత్రం "మీ కారే బాగోలేదు బాబూ, మా ప్లగ్‌లో అన్నీ ఆడతాయి" అని మొబైల్ చార్జర్ పెట్టి చూపించాడు. గంటన్నర వాదన తర్వాత రిసెప్షన్ వెనకున్న పవర్ ప్లగ్ ఇచ్చాడు. తొమ్మిదింటికి మొదలైంది. పదీ నలభైకి పై గదిలో ఎవరో గీజర్ వేశారు, కాసేపటికే ఎంసీబీ (భారం ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోయింది. కారు చార్జర్ 3.3 కిలోవాట్లు, అంటే 14 యాంప్స్ పైన. రెండు కిలోవాట్ల గీజర్ దాదాపు 9. రెండూ ఒకే 16 యాంప్స్ ఎంసీబీ మీద ఉంటే పడకేం చేస్తుంది? మళ్లీ ఎత్తమంటే "ఓనరు రేపొస్తారు" అని మేనేజరు తలుపేసుకున్నాడు. అత్తయ్యగారు ఆ రాత్రి "మన పాత మారుతీయే నయం" అని ముమ్మారు అన్నారు, పిల్లాడు పడుకునేదాకా మూతి ముడుచుకునే ఉన్నాడు.

కాబట్టి గది బుక్ చేసేముందు "చార్జింగ్ ఉందా" అని అడగకండి. దానికి అందరూ ఉందనే అంటారు. 16 యాంప్స్ ప్లగ్ విడిగా దాని ఎంసీబీతో ఉందా, ఎర్త్ ఉందా, యూనిట్‌కి ఎంత, అని మూడు ప్రశ్నలు అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. ఏసీ కోసం వేసిన లైనైతే మంచిది, సాధారణంగా విడిగా లాగుతారు. సొంత ఎక్స్‌టెన్షన్ తీసుకెళ్తే రాగి తీగ 2.5 స్క్వేర్ ఎంఎం కంటే సన్నది వద్దు, చుట్ట పూర్తిగా విప్పి వేయాలి. చుట్టగా ఉంచి 14 యాంప్స్ నాలుగు గంటలు లాగితే తొడుగు కరుగుతుంది. అరగంట తర్వాత ప్లగ్‌ని చేత్తో తాకి చూడండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆపేయండి. డీసీ ఫాస్ట్ చార్జింగ్ ఈ కారుకి లేదు, అందువల్ల దారిలో పెద్ద స్టేషన్ కనిపించినా అరగంటలో నింపుకునే యోగం లేదు.

మర్నాడు శబర శ్రీక్షేత్రంలో జగన్నాథుణ్ణి చూసుకుని, కోరాపుట్ కాఫీ పొడి కొనుక్కుని, 22 కి.మీ. ఘాట్ దిగి జయపురం వెళ్లాం. దిగుడు కాబట్టి 36 శాతం మిగిలింది. అక్కడ దొరికిన బస పేరుకి చిన్నది, గది 1,400. ఓనరమ్మ తెలుగులో "ఏసీ ప్లగ్గుంది, పెట్టుకోండమ్మా" అని తనే కిటికీలోంచి తీగ లాగించింది. పొద్దుటికి 100 శాతం. కరెంటుకి 150 తీసుకుంది. గోడలోంచి వచ్చింది సుమారు 13 యూనిట్లు, కాబట్టి ఆ ధర న్యాయం. పొద్దున్నే ఆమె పెట్టిన చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, ఎండుమిరపకాయ తిన్నాక అత్తయ్యగారి కోపం చాలావరకు చల్లారింది.

చాలావరకే, ఎందుకంటే వెనక సీటు ఉంది. రెండు తలుపుల కారులో వెనక్కి వెళ్లాలంటే డ్రైవర్ పక్క సీటు ముందుకి మడిచి, వంగి, కాలు లోపలికి పెట్టి, ఒళ్లు తిప్పుకుని కూర్చోవాలి. అరవై దాటి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రోజుకి నాలుగుసార్లు చేయలేరు. వెనక అద్దాలు దిగవు, ఘాట్ మలుపుల్లో కడుపులో తిప్పేవాళ్లకి అది శిక్ష. తలుపు పొడుగు కాబట్టి పక్కన ఖాళీ లేనిచోట పూర్తిగా తెరుచుకోదు. కారు ఇరుకు సందులో పడుతుంది, కానీ సందులో దిగడం కష్టం. పెద్దవాళ్లని ముందు కూర్చోబెట్టండి, పిల్లల్ని వెనక్కి పంపండి. నలుగురు కూర్చుంటే డిక్కీ అనేదే ఉండదు, సంచులు ఒళ్లో పెట్టుకోవాలి. ఇద్దరైతే వెనక సీట్లు మడిచి పెద్ద బ్యాగులు పెట్టుకోవచ్చు.

చక్రాలు 12 అంగుళాలవి. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,010 మి.మీ. మాత్రమే. గుంతలో ముందు చక్రం లేచేలోపే వెనకది దిగుతుంది, అందుకే స్పీడ్ బ్రేకర్ల మీద ఊయలలా ఊగుతుంది. స్టెప్నీ లేదు, పంక్చర్ కిట్ ఇస్తారు. మేకు దిగితే కిట్ పనిచేస్తుంది. రాయి తగిలి టైరు పక్కగోడ చిరిగితే పనిచేయదు, ట్రక్కు మీద ఎక్కించుకోవాల్సిందే. లక్ష్మీపూర్ చుట్టుపక్కల రోడ్డు చిట్లినచోట వేగం 30కి తగ్గించండి.

కోరాపుట్ నుంచి నేరుగా కిందికి దిగేవాళ్లు 100 శాతం నింపకండి, 90 దగ్గర ఆపండి. దిగుడులో మోటారే బండి వేగాన్ని పట్టి ఉంచుతూ కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపుతుంది. నిండిన బ్యాటరీ కొత్త కరెంటు తీసుకోదు. అప్పుడు మోటారు పట్టు తగ్గి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. మేం జయపురం నుంచి ముందు పైకెక్కాం కాబట్టి 100 సరిపోయింది. దిగుడు మొదలయ్యాక కెర్స్‌ని (మోటారు బండిని ఎంత గట్టిగా పట్టి ఉంచాలో ఎంచుకునే సెట్టింగ్) హెవీలో పెడితే చాలా మలుపుల్లో బ్రేకు తొక్కే పనే పడదు.

ధర దగ్గర ఒక లెక్క. 2024లో ఈ కారు 6.99 లక్షల నుంచి ఉండేది, అదే ఏడు బ్యాటరీ అద్దె పద్ధతిలో 4.99 లక్షలకి ఇచ్చి కిలోమీటరుకి 2.50 అద్దె పెట్టారు. తేడా రెండు లక్షలు. అద్దె 80,000 కి.మీ. దగ్గర ఆ రెండు లక్షలతో సమానమవుతుంది, కరెంటు ఖర్చు విడిగా. రోజుకి 60 కి.మీ. తిరిగేవాళ్లకి అది నాలుగేళ్ల లోపే, వాళ్లు బ్యాటరీతో కలిపి కొనడమే మేలు. ఇప్పటి ధరలు షోరూంలో అడిగి ఈ భాగహారమే మళ్లీ చేయండి.

రాయగడలోనో జయపురంలోనో సొంత ఇల్లు, గుమ్మం ముందు ఎర్త్ ఉన్న ప్లగ్, రోజుకి 40, 50 కి.మీ. తిరుగుడు ఉన్న ఇద్దరికి ఈ కారు చక్కగా సరిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లుండి ఇదొక్కటే కారైతే నాలుగు తలుపులది చూడండి. తిరుగు ప్రయాణంలో అత్తయ్యగారు ముందు సీట్లో కూర్చున్నారు. రాయగడ చేరేసరికి మీటరు 21 శాతం చూపించింది.