యూటా 12వ రహదారా, నార్త్ రిమ్ దారా?

ఎడారి, లోయ, పైన్ అడవి, ఈ మూడింటినీ ఒకే సైకిల్ యాత్రలో చూడాలనుకునేవారికి అమెరికా నైరుతిలో రెండు మంచి దారులున్నాయి.

యూటాలోని 12వ రహదారి దాదాపు 200 కిలోమీటర్లు. ఎర్రరాతి రెడ్ కాన్యన్ దగ్గర మొదలై, బ్రైస్ కాన్యన్ పక్కగా, ఎస్కలాంటే ఊరి మీదుగా సాగి, సుమారు 2,900 మీటర్ల ఎత్తున్న బౌల్డర్ కొండ అడవిని దాటి టోరీ చేరుతుంది. ఎస్కలాంటేకూ బౌల్డర్ ఊరికీ మధ్య హాగ్‌బ్యాక్ అనే సన్నని గట్టు మీద రోడ్డుకు రెండు వైపులా లోయలే, రక్షణ కంచె ఉండదు. గాలి వీచే రోజున అక్కడ దిగి సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్లడమే వివేకం.

గ్రాండ్ కాన్యన్ ఉత్తర అంచైన నార్త్ రిమ్‌కు వెళ్లే అరిజోనా దారి మరింత కఠినం. కొలరాడో నది మీది నవాహో వంతెన నుంచి జేకబ్ లేక్ అనే చిన్న ఊరి వరకు నీడలేని ఎడారిలో 66 కిలోమీటర్లు వెళ్లాలి, సుమారు 1,300 మీటర్ల ఎత్తు ఎక్కాలి, నీళ్లు సమృద్ధిగా మోసుకెళ్లాలి. అయితే పైకి చేరగానే ఎండకు కాగిన పోండెరోసా పైన్ బెరడు వెనిల్లా వాసన వేస్తుంది. ఆ మార్పు నాకెంతో ఇష్టం. అక్కడి నుంచి నార్త్ రిమ్‌కు 70 కిలోమీటర్లు. ఆ రోడ్డును చలికాలంలో మూసేస్తారు. 2025 జులైలో కార్చిచ్చుకు అక్కడి లాడ్జి కాలిపోయింది కనుక బయలుదేరే ముందు వసతి సంగతి కనుక్కోవాలి.

ఊళ్లు, తిండి, నీళ్లు తరచుగా దొరికే 12వ రహదారినే తొలి యాత్రకు ఎంచుకోమంటాను.