చిన్న వయసు పిల్లికి మూత్రం ఆగకపోతే: డైపరా, చేత్తో నొక్కి పోయించడమా?

పడుకున్న చోటల్లా తడి, నడుస్తుంటే చుక్కలు. ఏడాది నిండని పిల్లి ఇలా చేస్తే అది పొగరు కాదు, దయచేసి కొట్టకండి. పుట్టుకతోనే మూత్రనాళం తప్పు చోట కలిసి ఉండొచ్చు, లేదా అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి పడో, తోక తలుపులో ఇరుక్కునో నరాలు దెబ్బతిని ఉండొచ్చు. ముందు హైదరాబాద్ నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలలోనో దగ్గర్లోని క్లినిక్‌లోనో మూత్ర పరీక్ష, స్కానింగ్ చేయించండి.

ఖర్చు: డైపర్లకి నెలనెలా తప్పదు. చంటిపిల్లల న్యూబార్న్ సైజుకి తోక కోసం కన్నం పెట్టి వాడినా నడుస్తుంది. నొక్కడానికి పైసా అక్కర్లేదు.

శ్రమ: డైపర్ కొన్ని గంటలకోసారి మార్చాలి, తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. నొక్కడం రోజుకి మూడు నాలుగు సార్లు. నిండిన బ్లాడర్ (మూత్రపు సంచి) పొట్ట వెనక భాగంలో చిన్న నీళ్ల బెలూన్‌లా చేతికి తగులుతుంది, రెండు వైపులా మెల్లగా, నిలకడగా ఒత్తాలి. డాక్టర్ పక్కనుండి నేర్పితేనే చేయండి, వీడియో చూసి మాత్రం వద్దు.

రిస్క్: డైపర్‌తో చర్మం ఒరుసుకుపోతుంది, మన ఎండాకాలంలో మరీను. మోటుగా నొక్కితే బ్లాడర్ చిరగొచ్చు, పూర్తిగా ఖాళీ చేయకపోతే ఇన్ఫెక్షన్. మగపిల్లి ముక్కుతున్నా చుక్క రాకపోతే అసలు నొక్కొద్దు, అది మూత్రం దారికి అడ్డు పడటం, వెంటనే ఆసుపత్రికే.

బ్లాడర్ నిండిపోయి పొంగి కారుతుంటే నొక్కడమే దారి, అక్కడ డైపర్ ఒక్కటే కడితే జబ్బు దాచినట్టే. బ్లాడర్ ఖాళీగానే ఉండి ఊరికే కారుతుంటే, సర్జరీకి ఎదురుచూస్తుంటే డైపర్ చాలు.