పదేళ్లుగా వాడుతున్న నార్మలైజ్ సీఎస్ఎస్: వత్తుల దగ్గరే కాస్త పేచీ

ఒకే వెబ్ పేజీని ఒక్కో బ్రౌజర్ ఒక్కోలా చూపిస్తుంది, ఆ తేడాలను సరిచేసే చిన్న స్టైల్ ఫైలే నార్మలైజ్ సీఎస్ఎస్. దీనికి ముందు నేను ఎరిక్ మేయర్ రీసెట్ వాడేవాణ్ణి, బ్రౌజర్ సొంతంగా పెట్టే రూపాన్ని చెరిపేసే ఫైలది. అది పేజీకి గుండు కొట్టించినట్టు ఉండేది. హెడింగూ పేరాగ్రాఫూ ఒకే సైజు, లిస్టుకు చుక్కలుండవు, అన్నీ మళ్లీ మనమే రాసుకోవాలి. నికొలస్ గాలఘర్, జొనాథన్ నీల్ చేసిన నార్మలైజ్ దారి వేరు. బ్రౌజర్లన్నీ ఒకేలా చూపించేవాటి జోలికి పోదు, తేడా వచ్చినచోటే చెయ్యి పెడుతుంది. మొత్తం ఫైలు 350 లైన్లు, అందులో బోలెడన్ని కామెంట్లే. ఏ లైను ఏ బ్రౌజర్ కోసమో పక్కనే రాసి ఉంటుంది.

ఆ కామెంట్లు చదవకుండా ఒకసారి దెబ్బతిన్నాను. కోడ్ ముక్కలకు ఫాంట్ పేరు చోట 'మోనోస్పేస్, మోనోస్పేస్' (అన్ని అక్షరాలూ ఒకే వెడల్పుండే ఫాంట్) అని రెండుసార్లు ఉంటే, ఎవరో పొరపాటున రాశారనుకుని ఒకటి తీసేశాను. పేజీలో కోడ్ ముక్కలన్నీ చిన్నబోయాయి. ఆ పేరు ఒక్కటే ఉంటే బ్రౌజర్లు 16 పిక్సెళ్లకు బదులు 13 తీసుకుంటాయట. రెండోసారి రాయడం ఆ అలవాటును తప్పించడానికే.

ఇక తెలుగు సంగతి. ఒక క్లయింటుకు తెలుగులో ఫిర్యాదుల ఫారం చేసిచ్చాం. మర్నాడే ఫోన్: "టైప్ చేస్తుంటే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయండీ." చూస్తే నిజమే. పై వరసలో 'రాష్ట్రం' వత్తులు కింది వరసలో 'కీ' గుడి మీద కూర్చున్నాయి. పూట మొత్తం ఫాంటునే అనుమానించాను. పేజీకి లైన్ హైట్, అంటే వరస ఎత్తు, అక్షరం సైజుకు 1.7 రెట్లు ఇచ్చానుగా అన్న ధీమా. తీరా చూస్తే, బటన్లకూ టెక్స్ట్ బాక్సులకూ నార్మలైజ్ విడిగా 1.15 పెడుతుంది, మనం పేజీకి ఇచ్చింది అక్కడిదాకా చేరదు. ఇంగ్లిషుకు ఆ 1.15 సరిపోతుంది, కింద రెండేసి వత్తులు మోసే లిపికి చాలదు. మన ఫైలులో ఆ బాక్సులకు లైన్ హైట్ 'ఇన్హెరిట్' (పేజీకి ఇచ్చిందే తీసుకో) అని ఒక్క ముక్క రాస్తే తీరిపోయింది. అయితే ఆ బాక్సుల్లోకి పేజీ తెలుగు ఫాంటును తెచ్చిపెట్టేది కూడా నార్మలైజే, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

నార్మలైజ్ 8.0.1 వెర్షన్ వచ్చింది 2018 నవంబరులో. ఆ తర్వాత కొత్త వెర్షన్ లేదు. "సార్, ఇది ఆగిపోయిన ప్రాజెక్టు కదా?" అని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. ఆగింది నిజమే, నాకు దానివల్ల ఒక్క పేజీ కూడా చెడలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం రాసినవి ఊరికే పడి ఉన్నాయి, అంతే. వాటిని తీసేసి మాకంటూ ఒక కాపీ ఉంచుకుందామని కూర్చున్నప్పుడు తెలిసింది, కలపడం కంటే తీయడమే కష్టమని. 'టెక్స్ట్ సైజ్ అడ్జస్ట్' కూడా పాతదేననుకుని తీసేశాను. ఐఫోన్ అడ్డంగా తిప్పితే అక్షరాలు ఉబ్బిపోయాయి. అప్పటినుంచి ఒక్కో లైను తీయడం, అసలు ఫోన్లలో చూడటం, ఆ తర్వాతే ఇంకోటి.

కొత్త ప్రాజెక్టులకు ఇప్పుడు సింద్రే సోర్హస్ మోడర్న్ నార్మలైజ్ వాడుతున్నాను. పాత బ్రౌజర్ల బరువు లేదు, టెయిల్‌విండ్ అనే సీఎస్ఎస్ ఫ్రేమ్‌వర్క్‌లో ఇదే పని చేసే ప్రీఫ్లైట్‌కు కూడా పునాది అదే. కాకపోతే ఆ 1.15 అందులోనూ ఉంది. తెలుగు సైటైతే ముందు అది మార్చుకుని మొదలుపెట్టండి.